బారదానా పోను

దిగపహండి,
28 అక్టోబరు 2024.

బరంపురం బడా బజారులో పప్పులూ చింతపండూ టోకున అమ్ముకునే మా బావగారు వెంకటరమణమూర్తి గారికి, దిగపహండిలో లారీలు తూచే ధర్మకాటా గదిలోంచి మీ బావమరిది పూర్ణచంద్ర నమస్కారాలు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని అనుకుంటారు. ఫోను చేస్తే మీరు స్పీకరు పెడతారు. మీ గుమస్తాలూ, బేరానికి వచ్చినవాళ్ళూ, ఎదురు కొట్టువాళ్ళూ అందరూ వింటారు. నేనొక మాట అంటే మీరు పదిమందికి కన్ను గీటుతారు. ఆ నవ్వులు నాకు ఇక్కడికి వినిపిస్తాయి. అందుకని కాగితం మీద రాసి, బస్సు కండక్టరు శ్యామసుందర్ చేతికిచ్చి పంపిస్తున్నాను.

మీరు చక్రాల మీద గది కట్టించారట. దాన్ని మీ చిన్న కారు వెనక తగిలించుకుని, మా అక్కని తీసుకుని తప్తపాణి కొండ మీది వేడినీళ్ళ గుండానికి వెళ్తారట. ఈ సంగతి నాకు మీరు చెప్పలేదు, శ్యామసుందర్ చెప్పాడు. "ఏటి బాబూ, మీ బావగారు ఇల్లు లాక్కెల్తన్నారంట గదా!" అని బస్సు మెట్టు మీద నిలబడి ఊరంతా వినేట్టు అరిచాడు. అప్పుడు నా కాటా మీద వడ్ల లారీ ఉంది. దాని డ్రైవరు కూడా ఇకిలించాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

బావగారూ, ఇరవై రెండేళ్ళుగా బళ్ళు తూస్తున్నాను. పది టన్నుల బండిలో పదహారు టన్నులు కుక్కి, "పైదంతా ఊకే బాబూ" అని పిల్లల మీద ఒట్టేసే ముఖాలు రోజూ చూస్తాను. చూసి చూసి నాకు మనుషులంటేనే రోత పుట్టింది. మీరు కూడా ఆ వరసలో వచ్చి నిలబడతారనుకోలేదు.

అడిగినవాటికి తిన్నగా జవాబు రాయండి. మీ కారు ఖాళీ బరువెంత? ఆ గది బరువెంత? వెనక ఎంత బరువు లాగవచ్చని కారు పుస్తకంలో రాసి ఉంది? గదికి సొంత బ్రేకు ఉందా? ఇవి తెలియకుండా రెండిటినీ జత కట్టడమంటే మేకకీ దున్నకీ ఒకే కాడి వెయ్యడం. దున్న మొరాయించినా, పరిగెత్తినా చచ్చేది మేకే.

అక్క నడుము నొప్పి ఎలా ఉంది? మందు మానేసిందా? మానేసే ఉంటుంది.

మీ
పూర్ణచంద్ర

&nbsp;

బడా బజారు, బరంపురం,
2 నవంబరు 2024.

చిరంజీవి పూర్ణకి బావ దీవెనలు.

నీ ఉత్తరం సరిగ్గా దీపావళి నాడు అందింది. కొట్లో లక్ష్మీపూజ అయ్యాక అందరికీ చదివి వినిపించాను. మేకా దున్నా దగ్గరికి వచ్చేసరికి మా పప్పులు చెరిగే చిట్టమ్మ నవ్వు ఆపుకోలేక చేటలో పప్పంతా ఒలకబోసుకుంది. "బాబూ, ఆయన మళ్ళీ రాస్తే నన్ను పిలవండి" అని మాట తీసుకుంది. బావమరిదికి ఆ మాత్రం వేళాకోళం హక్కు. నువ్వు చిన్నప్పుడు నా పెళ్ళిలో చెప్పులు దాచి కూడా ఇలాగే ముఖం చిట్లించుకుని నిలబడ్డావు.

ఇంక గది సంగతి విను. గేట్ బజార్ వెనక వెల్డింగు షెడ్డు గురువులు అనేవాడు చేశాడు. ఇదివరకు పెళ్ళి ఊరేగింపు రథాలూ ఐస్‌క్రీము బళ్ళూ చేసిన చెయ్యి. పాత ట్రాక్టరు ట్రాలీ ఇరుసు మీద లేపాడు. లోపల వంటకి గ్రానైటు గట్టు, స్టీలు సింకు, ఒక ఇనప బీరువా. వెనక గోడకి ఆనుకుని మంచం. తలుపు మాత్రం ముందువైపు, కారుకి దగ్గరగా పెట్టించాను. వాస్తు సిద్ధాంతి గారు, ఇది తిరిగే ఇల్లు కాబట్టి తూర్పు పడమరలు లెక్కలేదు, నడిచే దిక్కే తూర్పు అని తేల్చారు. బయట నెమలి బొమ్మ వేయించాను. వీధిలోకి తెస్తే జనం ఫొటోలు తీసుకున్నారు.

ఎందుకు కట్టించానో నీకు తెలియాలి. కిందటేడు తప్తపాణి దగ్గర ఒక లాడ్జీలో దిగాం. దుప్పటి తీస్తే ఎవరి తలనూనె మరకో, తలగడ కింద నమిలిన కిళ్ళీ. మీ అక్క వాకిట్లోకి వచ్చి వాంతి చేసుకుంది. ఆ రాత్రంతా కారులో కూర్చుంది, దానితో నడుము పట్టేసి నెల రోజులు మంచం దిగలేదు. వేడినీళ్ళలో మునిగితేనే దానికి నాలుగు రోజులు సుఖం. కారులో అయితే గంటకి మించి కూర్చోలేదు. అందుకని దాని మంచాన్నే దాని వెంట పంపుతున్నాను. అది గదిలో హాయిగా పడుకుని వస్తుంది, నేనూ సాయిసుధా ముందు కారులో ఉంటాం. కన్నకూతురు పక్కనుంటే నాకూ ధైర్యం.

నీ ప్రశ్నలకి జవాబులు. కారు బరువు సాయిసుధ చూసి చెప్పింది, ఎనిమిది వందల ఎనభై కిలోలు. పుస్తకంలో లాగే బరువు సంగతి ఎక్కడా లేదు. వద్దని రాయలేదంటే ఎంతైనా లాగవచ్చనే కదా! బ్రేకు కారుకి ఉంది, ఒక కాపరానికి రెండు బ్రేకులు దేనికి?

బావ బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అన్నారు పెద్దలు. నేను నీ బావని. కార్తీకం వెళ్ళేలోపు నువ్వూ మీ ఆవిడ శాంతీ తప్తపాణి వస్తే గ్రానైటు గట్టు మీద ఉప్మా చేసి పెడతాం.

దీవెనలతో
వెంకటరమణమూర్తి

&nbsp;

దిగపహండి,
6 నవంబరు 2024.

బావగారికి,

నమస్కారమని రాయడానికి చెయ్యి రావడం లేదు. పెద్దవారు కాబట్టి రాస్తున్నాను.

మీ ఉత్తరం చదివి కంచం ముందు నుంచి లేచిపోయాను. శాంతి అడిగితే కడుపులో బాగాలేదన్నాను. గ్రానైటు గట్టు! చిన్న కారు వెనక! ఐస్‌క్రీము బళ్ళు చేసినవాడి చేత ట్రాక్టరు ఇరుసు మీద ఇల్లు కట్టించి, ఆ ఇంటికి నడిచే దిక్కే తూర్పు అన్న సిద్ధాంతికి దక్షిణ ఇచ్చిన మనిషిని ఏమనాలో నాకు మాట దొరకడం లేదు. పుస్తకంలో లాగే బరువు రాయలేదంటే ఎంతైనా లాగవచ్చని కాదండీ, అసలు లాగవద్దని. మందు సీసా మీద ఎన్ని చెంచాలో రాయకపోతే సీసా మొత్తం తాగుతారా?

నేను వద్దంటే మీరు ఆగరు. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. కనీసం ఇవి వినండి. తెలిసినవాళ్ళు చెప్పే లెక్క ఏమిటంటే, వెనక లాగేది కారు ఖాళీ బరువులో నూటికి ఎనభై అయిదు పాళ్ళు దాటకూడదు. అదీ కారు కంపెనీవాడు ఒప్పుకుంటేనే. మీ కారుకి ఆ లెక్కన ఏడు వందల నలభై ఎనిమిది కిలోలు. కిలో ఎక్కువైనా, కొండ దిగేటప్పుడు కారు గదిని లాగదు, గది కారుని తోస్తుంది.

రెండోది, గది ముక్కు కారు కొక్కెం మీద ఆనాలి. మొత్తం బరువులో నూటికి ఆరేడు పాళ్ళు ఆ ముక్కు మీద ఉండాలి. ముక్కు తేలిపోతే వెనక భాగం ఊగుతుంది. ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆపడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు.

మూడోది చదివేటప్పుడు నవ్వు ఆపండి. కదిలే గదిలో మనిషి ఉండకూడదు. చాలా దేశాల్లో ఉండనివ్వరు. అక్కని మంచం మీద పడుకోబెట్టి బండిలో వెనకాల తీసుకెళ్తారా? చచ్చినవాళ్ళని అలా తీసుకెళ్తారు బావగారూ.

గది సామానంతా ఎక్కించాక కారు నుంచి విడదీసి, కాటా మీద తూయించి, ఎంత వచ్చిందో రాయండి. ఇది చిట్టమ్మకి చదివి వినిపించే ఉత్తరం కాదు.

పూర్ణచంద్ర

&nbsp;

బడా బజారు,
14 నవంబరు 2024.

చిరంజీవి పూర్ణకి,

వేళాకోళానికి కూడా ఒక హద్దు ఉంటుంది. నీ ఉత్తరం వచ్చేసరికి నేను భోజనానికి ఇంటికి వెళ్ళాను. మీ అక్కే చదవమంది, గొంతెత్తి చదువుతున్నాను. చచ్చినవాళ్ళ మాట దగ్గర చదవడం ఆపలేకపోయాను, నోట్లోంచి వచ్చేసింది. అది లేచి పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. నేను నా చేతులతో అన్నం వడ్డించుకున్నాను. తోడబుట్టినదాని గురించి అలాంటి మాట రాయడానికి నీకు నోరెలా వచ్చింది? కాటా దగ్గర లారీవాళ్ళతో మాట్లాడి మాట్లాడి నీ నోరు మోటుబారిపోయింది.

అయినా నువ్వు చెప్పినట్టే చేశాను. నిన్న సామానంతా ఎక్కించి, సిలిండరు, రుబ్బురోలు, నీళ్ళు నింపిన డబ్బాలు, మంచం, పరుపు ఏదీ వదలకుండా, గది ఒక్కదాన్నీ కాటా మీద పెట్టి తూయించాను. తూకం మూడు వందల పన్నెండు కిలోలు. నువ్వు చెప్పిన ఏడు వందల నలభై ఎనిమిదిలో సగం కూడా లేదు. ఇప్పుడేమంటావు? తూకం గురించి బడా బజారు మనిషికి చెప్పబోయావు. నేను తక్కెడ పట్టేనాటికి నువ్వు లాగు తొడుక్కుంటున్నావు.

ముక్కు మీద బరువుండాలని ఏదో రాశావు. నీ ముక్కు మీద కోపం ఉంది, అది చాలు మన రెండు కుటుంబాలకీ.

సరే, మీ అక్కని కారులోనే కూర్చోబెడతాను. నీ మనసు కుదుటపడిందా? 24వ తేదీ ఆదివారం వెళ్తున్నాం. సామాను సర్దడం గురించి ఏమైనా చెప్పేదుంటే చెప్పు, వింటాను. తిట్లు లేకుండా చెప్పు.

బావ

&nbsp;

దిగపహండి,
17 నవంబరు 2024.

బావగారికి,

మూడు వందల పన్నెండు అయితే నాకింక నోరు లేదు. గ్రానైటు పెట్టి అంత తేలిగ్గా ఎలా చేశాడో ఆ గురువులుకే తెలియాలి.

అక్కకి నా మాట తగిలినందుకు బాధపడుతున్నాను. దానితో చెప్పండి. మీతో మాత్రం ఉత్తరాలు రాసి నాకు విసుగెత్తింది. నేను రక్తం ఉడికి రాసింది మీకు హాస్యంగా ఉంటుంది. ఇంక ఉపన్యాసాలు రాయను. సామాను సంగతి అడిగారు కాబట్టి ఒక్క ముక్క: బరువులు ముందు, తేలికవి వెనకాల. అంతే. స్పీడు అరవై దాటనివ్వకండి.

ఆ ఆదివారం నేనూ శాంతీ ఇచ్ఛాపురంలో పెళ్ళికి వెళ్తున్నాం. కాటా మూసి ఉంటుంది.

పూర్ణచంద్ర

&nbsp;

బడా బజారు,
29 నవంబరు 2024.

పూర్ణచంద్రకి,

దీవెన రాయలేదు, కావాలనే.

దిగపహండి ఆసుపత్రి వరండాలో, పెళ్ళి బట్టలతో వచ్చి, నర్సులూ రోగులూ చూస్తుండగా నన్ను హంతకుడా అన్నావు. నా చొక్కా మీద మీ అక్క నెత్తురు ఇంకా ఆరలేదు. నా కూతురు ఎదురుగా ఉంది. నేను తల వంచుకుని విన్నాను. మర్నాడు చూస్తే మీ అక్కని మీ ఇంటికి మోసుకుపోయావు. నీ ముఖం చూడాలంటే నాకు అసహ్యంగా ఉంది. అందుకని నేను కూడా కాగితమే పట్టుకున్నాను.

జరిగినదేమిటో నువ్వు నన్ను చెప్పనివ్వలేదు. ఇప్పుడు చదువు.

వెళ్ళేటప్పుడు నీకిచ్చిన మాట ప్రకారం దాన్ని కారులోనే కూర్చోబెట్టాను. రెండుసార్లు ఆగి నడిపించాను. వేడినీళ్ళలో మునిగాక కాస్త నవ్వింది కూడా. వచ్చేటప్పుడు కొండ దిగడం మొదలుపెట్టామో లేదో, దాని నడుము పట్టేసింది. పళ్ళు బిగబట్టి ఏడ్చింది. "ఏటండీ, మంచం ఉన్నాది కదా, గంటసేపే కదా. నన్ను దాన్లో ఎక్కించీండి" అంది. ఎక్కించాను. నువ్వయితే ఎక్కించవా? ఏడుస్తున్న మనిషికి నూటికి ఎనభై అయిదు పాళ్ళ లెక్క చెబుతావా?

కొండంతా ఫస్టు గేర్లో దిగాను. ఏమీ కాలేదు. కింద చదును రోడ్డు మీద అరవైలో వస్తుంటే ఒక బస్సు పక్కనుంచి దూసుకుపోయింది. అంతే, వెనక గది ఊగడం మొదలైంది. అద్దంలో చూస్తే ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన కనబడుతోంది. సాయిసుధ "నాన్నా, అమ్మ!" అని అరిచింది. బ్రేకు తొక్కాను. గది కారుని తిప్పి పక్కకి తోసేసి, కొక్కెం తెంపుకుని, కోసిన వరి మడిలో పడింది. కారు చెట్టుని రాసుకుని ఆగింది. మా ఇద్దరికీ గీత కూడా పడలేదు. అదే నాకు సిగ్గుగా ఉంది.

కానీ తప్పు నాదంటే ఒప్పుకోను. నువ్వు రాసిందల్లా చేశాను. బరువులు ముందు, తేలికవి వెనకాల అన్నావు. ముందు బరువులు ఎక్కించాం. రుబ్బురోలు, సిలిండరు, నీళ్ళ డబ్బాలు, బియ్యం. తలుపు ముందువైపు కాబట్టి ముందెక్కినవి గది చివరకంటా వెళ్ళాయి, మంచం చుట్టూ సర్దాం. అవన్నీ అయ్యాక, వెనకాల తేలికవి ఎక్కించాం. దుప్పట్లు, విస్తళ్ళు, బట్టల సంచులు తలుపు దగ్గర పెట్టాం. సాయిసుధ నీ కాగితం పట్టుకుని నిలబడి చదివింది, నేను ఎక్కించాను. ఒక్కటి అటూ ఇటూ కాలేదు.

తూకం కూడా నువ్వు చెప్పినదానికి లోబడే ఉంది. మొత్తం తొమ్మిది వందల అరవై రెండు. అందులో ఆరు వందల యాభై గదిది, అంటే బారదానా. బారదానా పోను సామాను మూడు వందల పన్నెండు. గోతంలో పప్పు ఎంతుందని అడిగితే ఎవడైనా గోతం బరువు తీసేసే చెబుతాడు. గోతం బరువు కలిపి చెప్పినవాణ్ణి బడా బజారులో దొంగ అంటారు.

మీ అక్కని ఎప్పుడు పంపుతావో రాయి.

వెంకటరమణమూర్తి

&nbsp;

దిగపహండి,
3 డిసెంబరు 2024.

బావగారికి,

అక్కకి రెండు పక్కటెముకలు విరిగాయి. ఎడమ మణికట్టు విరిగింది. నుదుటి మీద ఏడు కుట్లు. ఆరు వారాలు ప్రయాణం చేయించవద్దని డాక్టరు అన్నాడు. అందుకే మా ఇంట్లో ఉంది, నేనేమీ ఎత్తుకుపోలేదు. శాంతి తల దువ్వి, అన్నం తినిపిస్తోంది. దగ్గు వస్తే మాత్రం అక్క బాధ చూడలేక నేను వీధిలోకి వచ్చేస్తున్నాను.

మీ ఉత్తరం సగం చదివి చింపబోయాను. బారదానా అన్న మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది.

కారు ఎనిమిది వందల ఎనభై. గది తొమ్మిది వందల అరవై రెండు. మీరు లాక్కెళ్ళింది మీ కారు కంటే బరువైనదాన్ని. దానికి బ్రేకు లేదు. కారుకి గోతమూ తెలియదు, పప్పూ తెలియదు, వెనక ఉన్నదంతా బరువే. ముందు అంటే గది ముందు భాగంలో అని నేను రాశాను. వెనకాల అంటే గది వెనక భాగంలో అని. ఇరుసుకి కాస్త ముందుగా బరువులు ఉంటే ముక్కు కొక్కెం మీద ఆనుతుంది. మీరు ముందు అంటే మొదట అనుకున్నారు, వెనకాల అంటే ఆ తరవాత అనుకున్నారు. బరువులన్నీ తోకకి చేరాయి. ముక్కు తేలింది. బస్సు గాలి తగిలేసరికి గది ఊగింది.

ఇంత తెలివితక్కువ మనిషి ఉంటాడా అని మిమ్మల్ని తిట్టుకుంటూ కాటా గదిలో కూర్చున్నాను. అప్పుడు ఒక వడ్ల లారీ వచ్చింది. నా నోరు దానంతటదే అడిగింది, "ఒజన కేతే, బరువెంత? బండితోనా, బండి కాకనా?" అని. రోజుకి యాభైమందిని అడుగుతాను ఆ మాట. అడగకుండా చీటీ రాసిన రోజు లేదు. మిమ్మల్ని అడగలేదు.

ఎందుకు అడగలేదో చెబుతాను. గ్రానైటు గట్టుతో, ట్రాక్టరు ఇరుసుతో మూడు వందల పన్నెండు రాదని నాకు తెలుసు. కాగితం చూసిన క్షణంలోనే తెలుసు. కానీ మీతో ఇంకో ఉత్తరం రాయడం నాకు పరమ రోతగా ఉంది. మీరు చదవడం, వాళ్ళు నవ్వడం తలచుకుంటే ఒళ్ళు కంపరమెత్తింది. పీడ వదిలిందనుకున్నాను. వివరంగా పది వాక్యాలు రాయవలసిన చోట నాలుగు ముక్కలు రాసి మీ మొహాన కొట్టాను. ఏ బండివాడికీ అలా రాసివ్వను. మా అక్క వెళ్ళే బండికి రాసిచ్చాను.

మిమ్మల్ని హంతకుడా అన్నాను. ఆ మాట ఒక్కళ్ళకే సరిపోదు బావగారూ. గడ్డం గీసుకోవడానికి అద్దం ముందు నిలబడితే ఆ ముఖం చూడబుద్ధి కావడం లేదు. ఇన్నాళ్ళూ లారీవాళ్ళని చూసి అసహ్యించుకున్నాను. వాళ్ళు నయం, బియ్యం కోసం అబద్ధమాడతారు. నేను విసుగు కోసం నోరు మూసుకున్నాను.

నిన్న సాయంత్రం మీ ఉత్తరం చదివి వినిపించమని అక్క అడిగింది. వద్దన్నాను, వినలేదు. చదివాను. మీరు ఏడుస్తున్న మనిషికి లెక్క చెబుతావా అన్నచోట కళ్ళు తుడుచుకుంది. బారదానా పోను అన్నచోట ఆపమంది. "మళ్ళీ సదువు" అంది. మళ్ళీ చదివాను. గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోయిందనుకుని లేవబోతే పిలిచింది.

"ఒరే పూర్ణా, ఆ తూకంలో మీ బావ నన్ను ఏటి కింద ఏసేరురా? సరుకు కిందా, బారదానా కిందా?"

పొద్దున్న కాఫీ ఇస్తుంటే శాంతిని కూడా అడిగిందట, బరంపురం నుంచి ఉత్తరం వచ్చిందా అని. అక్క ప్రశ్నకి జవాబు మీరే రాయాలి. అక్క ఆ ఇంటికి వస్తుందో రాదో దాని మీదే ఉందని నాకు తోస్తోంది. వేళాకోళంగా రాస్తే మాత్రం ఆ కాగితం దానిదాకా వెళ్ళనివ్వను.

పూర్ణచంద్ర

&nbsp;

బడా బజారు,
8 డిసెంబరు 2024.

పూర్ణా,

మూడు రోజులు కొట్టు తియ్యలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పించాను. సాయిసుధ పెట్టింది తింటున్నాను, అది నాతో మాట్లాడడం లేదు.

నువ్వు ఒప్పుకున్నావు కాబట్టి నేను కూడా ఒకటి ఒప్పుకుంటాను. కారులో కూర్చోబెడతానని నీకు రాసేటప్పటికే నాకు తెలుసు, తిరుగు దారిలో దాని నడుము ఆగదని. ముప్ఫై రెండేళ్ళుగా దాని నడుము నాకు తెలియదా? మంచం విప్పెయ్యమని గురువులుతో చెప్పలేదు. పరుపు మీద కొత్త దుప్పటి నేనే పరిచాను. నీ నోరు మూయించడానికి ఆ మాట రాశాను. ఇది తలచుకుంటే నా మీద నాకు ఉమ్మి వెయ్యాలనిపిస్తోంది.

మీ అక్క అడిగినదానికి జవాబు రాయడానికి నాలుగు కాగితాలు పాడుచేశాను. సరుకు కింద అని రాస్తే అబద్ధం. బారదానా కింద అని రాస్తే అదీ అబద్ధమే. ఆ రోజు సిలిండరు తూచాను. నీళ్ళు నింపి మరీ తూచాను. రుబ్బురోలు, మంచం, పరుపు, తలగడతో సహా తూచాను. ఆ పరుపు మీద పడుకునే మనిషిని తూచలేదు. అది ఎందులోనూ లేదు.

ఈ కాగితం దానికి చదవకు. గురువారం మొదటి బస్సుకి వస్తున్నాను. ఎదురుగా నిలబడి నేనే చెబుతాను. విన్నాక వస్తానంటే ఆరు వారాలు ఆగి తీసుకొస్తాను. రానంటే మీ గుమ్మంలో కూర్చునే హక్కు కూడా నాకు లేదని తెలుసు, లేచి వచ్చేస్తాను.

ఒకటి మాత్రం దాని ముఖం చూసి చెప్పగలనో లేదో తెలియదు. అందుకని నీకు రాస్తున్నాను. ఆ రోజు గదిని కాటాకి తీసుకెళ్తుంటే అది చీర మార్చుకుని, తల దువ్వుకుని, చేతిసంచీ పట్టుకుని వీధిలోకి వచ్చింది. "నాను కూడా ఎక్కాలి కదండీ?" అని అడిగింది.

తూకానికి నువ్వెందుకే, లోపలికి పో అన్నాను.

వెంకటరమణమూర్తి